కడప బండ మీద రైలింజను

మైదుకూరులో బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే ఓబుళేశు ఏళ్ల తరబడి కూర్చుని ఒక చిన్న రైలింజను చేశాడు. ఒళ్లంతా ఇత్తడి రేకు. పక్కకు నాలుగేసి పెద్ద చక్రాలు, అన్నీ లేత్ మీద తానే తీసినవి. దానికి పట్టాలు పరిచేలోపే కళ్లకు నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు తిరిగిరాదనీ, ఉన్నదైనా ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ డాక్టరు అన్నాడు. అప్పటినుంచీ అతనికి ఒకటే కోరిక. చూపు ఉండగానే ఇంజను ఒక్క చుట్టు తిరగడం చూడాలి.

పట్టాలు కూడా చేత్తో చేద్దామని కూర్చున్నాడు. టంకం పెట్టబోతే వేలు కాలింది గానీ అతుకు కనపడలేదు. ఇక అప్పటిదాకా చులకన చేసిన రెడీమేడ్ పట్టాలే దిక్కు. ఒక ముక్కను ఇంకో ముక్కలోకి తోస్తే చాలు, బిగుసుకుంటాయి.

పట్టాలు పరిచే బల్లకు చెక్క వద్దన్నాడు. చెక్కకు చెద పడుతుంది, ఎండకు వంగుతుంది. గోడవార పిల్లర్లు కట్టి పాలిష్ పట్టిన కడప బండ దించమన్నాడు. బండలమ్మే దాసన్న తెచ్చి పరిచాడు.

"ఏమప్పా ఓబుళేశూ, దీని మీద పండుకుంటావా, దోసెలు పోస్తావా?"

"రైలు నడుపుతా."

"అట్లనా! అయితే టిక్కెట్లు మా యక్క కొడతాదిలే," అని ఓబుళేశు భార్య రామసుబ్బమ్మ వైపు చూసి నవ్వాడు దాసన్న.

బండను సిమెంటుతో బిగించేశాక, తిన్నటి ముక్కలూ, దాని వెడల్పుకు సరిపోయే వంపు ముక్కలూ తెప్పించాడు. రెడీమేడ్‌ను చులకన చేసిన మనిషే వాటిని తడుముకుంటూ కలిపి, అతుకు మీద గోరు గీసి చూశాడు. గోరు ఎక్కడా తట్టలేదు. "శానా బాగా చేసినారు," అన్నాడు.

కరెంటు ఇచ్చాడు. తిన్నటి పట్టా మీద ఇంజను సాఫీగా పోయింది. మలుపులో ముందు చక్రాలు తిరిగాయి, నడిమివి పట్టా ఎక్కి పక్కకు పడిపోయాయి. వేగం తగ్గించినా, పైన బరువు పెట్టినా అంతే. ఇంజను పొడుగు, మలుపు ఇరుకు. పెద్ద మలుపుకు బండ చాలదు. బండ పెంచుదామంటే, ఉన్న ఒక్క గదిలో మంచం అడ్డం.

"నడిమి చక్రాలకు పట్టా లోపలికి దిగే అంచు కోసేస్తే తిరుగుతాది," అన్నాడు.

"అయితే లేత్ షాపు మహేశ్వరప్పకు ఇయ్యి," అంది రామసుబ్బమ్మ.

"కోసేది ఆయప్ప కోస్తాడు మే. ఊడదీసిన చక్రాలు మళ్లా కుదర్చాల్సింది నేను. లోపల ఏది యాడుండాదో నాకు తప్ప ఎవరికీ తెలీదు. నాకేమో అంత సన్నపనికి చూపు ఆనదు."



వంపు ముక్కలు డబ్బాలోకి పోయాయి. తిన్నటివి మాత్రం బండ ఈ కొస నుంచి ఆ కొసకు వేశాడు. ఆ కొసన రామసుబ్బమ్మ నిలబడుతుంది. ఇంజను రాగానే పట్టుకుని, ఎత్తి, ఇటు తిప్పి పెడుతుంది.

"చక్రాలు పట్టా మీద కూసున్యాయా?"

"కూసున్యాయి. వదులు."

ఇంజను అతని దగ్గరికి వచ్చి ఆగింది.

"పోయొచ్చె గదా, ఒక చుట్టు అయినట్టే," అంది ఆమె.

"కాదులే, మలుపు తిరగలేదు," అన్నాడు ఓబుళేశు. ఇంజనును అటు తిప్పి పెట్టి, ముందు చక్రాలు వేలితో తడిమి చూసి, మళ్లీ స్విచ్ వేశాడు.