గొడుగులో జెల్ల

పెళ్లి చెడగొట్టుకోవడానికి లోకంలో చాలా మార్గాలున్నాయి. గొడుగు విప్పి చెడగొట్టుకోబోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, ముక్కు మూసుకుని వినండి.

అరవయ్యో దశకం చివరి రోజులు. నాకు మీసం వచ్చేసింది, బుద్ధి ఇంకా దారిలో ఉంది. ఐదో తరగతిలోనే బడికీ నాకూ చెడింది. నాన్నతో పాటు గుళ్లో సన్నాయి వాయించేవాణ్ణి. మా ఇంట్లోకి నీసు రాదు. అది రాదు కాబట్టి అది ఉన్న చోటికి నేనే వెళ్లేవాణ్ణి. సముద్రపొడ్డున ఉండే జాలరి ఎర్రయ్య నా నేస్తం. వాళ్లమ్మ కాచే చేపల పులుసు వాసన ఇసుక దిబ్బలెక్కి దిగి వచ్చి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది. అంత మర్యాదగా పిలిస్తే కాదనడం ఎలా?

అప్పుడే గరివిడి వైపు నుంచి సంబంధం వచ్చింది. వాళ్లదీ గుడిసేవ చేసే ఇల్లే. నన్ను చూడ్డానికి పిల్ల తాతగారు పొద్దుటి రైలుకి నౌపడలో దిగారు. ఆయనది ఒకటే పట్టు: కుర్రాడు నీసు ముట్టనివాడై ఉండాలి. పిల్ల ఫొటో చూసినప్పటి నుంచి నాకూ అదే పట్టు.

“ఒరే, అడిగితే నీసంటే ఏటో తెల్దని సెప్పు. ఆపైన నోరు తెరవకు,” అంది అమ్మ.

“నోరు తెరవకుండా సన్నాయి ఎలాగ ఊదుతానే?”

“ఇదిగో, ఈ నోరే వద్దంతన్నాను!”

కాఫీ తాగాక తాతగారు లేచి, “పద బాబూ, అలా సముద్రం దాకా నడిసొద్దాం,” అన్నారు. నాన్న గొడుగు చేతికి తగిలించుకుని బయల్దేరాను.

ఊరి చివర చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఏటా ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడే గూళ్లు కట్టి గుడ్లు పొదుగుతాయి. వాటి దయవల్ల కింది కొమ్మలన్నీ వెల్ల వేసినట్టుంటాయి.

“గొడుగు ఇప్పు బాబూ,” అన్నారు తాతగారు పైకి అనుమానంగా చూస్తూ.

“ఇక్కడ ఇప్పకూడదు తాతగారూ. ఈ పచ్చులు మా ఊరికి పురిటికొచ్చిన ఆడపిల్లలు. ఆడపిల్లల ముందు గొడుగిప్పితే అమర్యాద.”

మొదటి ముక్క నిజమే, ఊరంతా అనేదే. రెండోది నేను అక్కడికక్కడ వండింది. గొప్పగా ఉంటుందనిపించింది, అంతే.

తాతగారు కండువా నెత్తిన కప్పుకుని చాలాసేపు చూశారు. తల్లి కొంగ ఒకటి రెక్కలు చాపి పిల్లలకు నీడ పట్టింది.

“ఇన్ని ఊళ్లుండగా ఇక్కడికే ఎందుకొస్తాయి?”

“ఎవులూ రాయి ఇసరరు, తాతగారూ.”

“అంతేగదా. ఆడపిల్లకి ఇంకేటి గావాల.” ఆయన గొంతు తగ్గింది. “మా పిల్లకి తల్లి నేదు. నేనే పెంచాను. పురిటికొస్తే నా కాడికే రావాల. నేనా, ఎన్నాళ్లుంటానో...”

అంతలో నా చేతి గొడుగులో ‘టప్’మని ఏదో పడింది. కట్టుతాడు తెగిన గొడుగు అది, ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుంది. ఇంటిపోలిక. రెట్టేలే అనుకుని నడిచాను.

చెట్లు దాటాక తాతగారు కండువా మళ్లీ భుజాన వేసుకున్నారు. దిబ్బల్లో మొగలి పొదల మధ్య ఎక్కుతున్నాం. ఇసుకలో ఒక అడుగు ముందుకేస్తే అర అడుగు వెనక్కి. ఎండ ముదిరింది.

“ఏటి బాబూ ఈ వాసన?”

“సముద్రం, తాతగారూ.”

“ఇంకా కనబడనే నేదు గదా!”

“గాలికి వస్తన్నాదండి.”

“గాలి మన ఈపు మీద కొడతన్నాది.”

ఈయన బడి మానేసినవాడు కాడని అప్పుడర్థమైంది. పైన ఒక గద్ద మా నెత్తి మీదే తిరగడం మొదలెట్టింది. మాట మార్చాలి. దిబ్బ కొసకెక్కగానే, “ఎండ మండిపోతన్నాది, ఉండండి,” అంటూ వినయమంతా పోగేసి, ఆయన తల మీద గొడుగు విప్పాను.

చేప. వేలెడంత ఉంది. తాతగారి నున్నటి గుండు మీద పడి, భుజం మీదుగా జారి, తెల్లటి కండువాలో పడుకుంది.

“ఇదేటి?”

అమ్మ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. “నాకేటీ తెల్దు తాతగారూ! జన్మలో సూడ్నేదు. జెల్లలా ఉన్నాది.”

“జెల్లా?”

“ఆ మీసాలు సూడండి. ఉప్పుటేటిదే. ఇంత పిల్లది ఏపుడికి పనికిరాదండి, పులుసే. అదీ మామిడికాయ ముక్కేసి, రాత్రుంచి మర్నాడు తింటే...”

నా మాటలు నాకు అప్పుడు వినిపించాయి.

తాతగారు చేపను రెండు వేళ్లతో తీసి గద్ద వైపు విసిరారు. “సేప పైనుంచి పడింది. సరే. మరి పులుసో?”

సముద్రం ఎదురుగా ఉంది. దూకడానికి కాస్త దూరం. ఎర్రయ్య సంగతి మొత్తం చెప్పేశాను. గొడుగు ఆచారం నేను పుట్టించిందని కూడా, ఎవరూ అడక్కపోయినా, చెప్పేశాను. ఆయన కిందికి దిగి కండువా ఉప్పునీళ్లలో జాడించారు. తిరుగుదారిలో చింతచెట్ల కింద గొడుగు ఆయనే తీసుకుని, తలకిందులు చేసి దులిపి, విప్పి నడిచారు. నన్ను దాని కిందికి రమ్మనలేదు. నాకు పడవలసినవన్నీ పడ్డాయి.

స్టేషన్లో రైలెక్కాక కిటికీలోంచి పిలిచారు. “ఒరే! నీ కడుపులో అబద్ధం నిలబడదు. పిల్లని ఇస్తాను. ఎర్రయ్య ఇంటికి ఎల్లిన రోజున దానికి సెప్పి ఎల్లు. దాసిపెట్టకు.”

రైలు కదిలింది. నేను ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయాను, నోరు తెరుచుకుని, నాన్న గొడుగులాగే.

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా, గూడబాతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక జన్మలో దులపకుండా గొడుగు విప్పను. దులిపితే ఏం పడినా సరే, దాని పేరు మాత్రం చెప్పను.