ఎవరూ వాడని జాగా

మొన్న ఒక బ్రోకరు సూరత్ గోడాదరాలో కొత్త ఫ్లాటు చూపించాడు. మూడో అంతస్తు వంటింటి కిటికీ తెరిచి, "ఇంతకు ముందు ఇక్కడ ఏమీ లేదు సాబ్, ఉత్త ఖాళీ జాగా" అన్నాడు. నేను తలూపాను. ఆ మాట మొట్టమొదట కాగితం మీద పెట్టింది నేనే.

మా గదుల లైనంతా తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లం. ఏడాది పొడుగునా ఆ జాగా చెత్తదీ గేదెలదీ. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం మా చిన్నమ్మది. పొద్దు వాలగానే చీపురుతో దిగి, గేదెలను గుజరాతీలోనూ, వాటి యజమానిని అర్థం కాకుండా తెలుగులోనూ తిట్టేది. ఇద్దరూ కదిలేవారు. ఊరి నుంచి బస్సులో వాడిపోయి వచ్చిన గునుగుపూలకు నీళ్లు చల్లి, బతుకమ్మ పేర్చి పాట ఎత్తుకునేది. సూరత్‌లో పెరిగిన ఆడపిల్లలకు వెనక నుంచి "ఉయ్యాలో" అనడం వరకే వచ్చు. "జర మంచిగ రాయి బిడ్డా. గీడ హాలు కడితే వానొచ్చినా ఆడొచ్చు" అని ఆమే నాతో మున్సిపాలిటీకి అర్జీ రాయించింది. గుజరాతీ బడిలో చదివినవాణ్ణి కదా, తెలివి కాస్త ఎక్కువైంది. తొమ్మిది రోజుల సంగతి రాస్తే అర్జీకి బలం తగ్గుతుందని, "ఈ స్థలం ఏళ్లుగా వృథాగా పడి ఉంది, ఎవరూ వాడటం లేదు" అని రాశాను. చిన్నమ్మ అందరికంటే ముందు వేలిముద్ర వేసింది.

తర్వాత కరోనా వచ్చింది. మగ్గాలు ఆగాయి, సగం లైను ఊరికి పోయింది, ఆ ఏడు బతుకమ్మ లేదు. మరుసటి ఏడు చిన్నమ్మ ఆసుపత్రి నుంచి ప్రాణాలతో వచ్చింది గానీ ఊపిరి సరిగా రాలేదు. పండుగకు ముందే జాగా చుట్టూ రేకులు లేచాయి. ఆఫీసుకు పరుగెత్తాను. గుమాస్తా మంచివాడే. ఫైలు తెరిచి నా చేతిరాత నాకే చూపించి, "ఎవరూ వాడటం లేదని మీరే రాశారు కదా. బిల్డరుకు ఇచ్చేశారు" అన్నాడు.

ఇంటికొచ్చి జాగా పోయిందని చెప్పాను. ఎందుకు పోయిందో చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "పోతే పోనీ తియ్యి, ఈడనే ఆడుదం" అని చిన్నమ్మ గది ముందు ఇరుకు వరండాలో బతుకమ్మను పెట్టింది. చుట్టూ తిరిగే చోటు లేక ఆడవాళ్లు గోడకు ఆనుకుని, నిలబడ్డ చోటే చప్పట్లు కొట్టారు. రెండో చరణంలో ఆమెకు దగ్గు తెర వచ్చింది. పాట అందుకునేవాళ్లు లేరు. అందరూ "ఉయ్యాలో" అనడానికి ఎదురుచూస్తూ ఉండిపోయారు.

ఆమె కోలుకున్నాక నిజం చెబుదామనుకున్నాను. సంక్రాంతి దాటకముందే పోయింది. చెప్పడానికి ఇంకా బోలెడు కాలం ఉందని నేననుకున్న ఆ మూడు నెలలే ఆమెకు మిగిలిన కాలమంతా.