తోకలేని పుస్తకాలు, మావయ్య మేక

మా చిన్నప్పుడు మా ఇంట్లో పుస్తకాలకి చీమలు పట్టేవి...

నవ్వకండి. మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ. ఇంటికొచ్చేటప్పుడు పాత కాగితాల కొట్టు దగ్గర ఆగి, ఇంత బెల్లం ముక్క కొట్టాయన చేతిలో పెట్టి, పొట్లాలకని పక్కన పడేసిన పుస్తకాల్లో ఒకటో రెండో ఏరుకొచ్చేవాడు. ఆ బెల్లం చేతుల్తోనే. మరి చీమలు రాక ఏం వస్తాయి... ఎండలో పెట్టి, దులిపి, అప్పుడు చదువుకునేవాళ్లం.

అక్కా నేనూ బడికి వెళ్లేవాళ్లం కాదు. అక్కది ఎడమచేతి వాటం. బడిలో మేష్టారు ఆ వేళ్ల మీద కొట్టి కొట్టి, పలక చూస్తేనే వణికేలా చేశాడు. ఓ రోజు నాన్న వెళ్లి, ఇద్దరి సంచులూ భుజాన వేసుకుని మమ్మల్ని తీసుకొచ్చేశాడు. ఆ రోజు నుంచి మా బడి వంటింట్లోనే.

అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. పొయ్యి దగ్గర కూర్చుని చెవులతో పాఠం చెప్పేది. మేం గట్టిగా చదువుతుంటే, తప్పు దొర్లిన చోట గరిట ఆపేది. అంతే. గరిట కదలాలంటే మళ్లీ చదవాలి... లేదంటే కూర మాడిపోతుంది, ఆ మాడు కూర మేమే తినాలి.

ఒక్కటే చిక్కు. కొట్టాయన పొట్లాలకి కాగితాలు వెనక నుంచి చించేవాడు. దాంతో మా పుస్తకాలన్నిటికీ మొదలుండేది, చివర ఉండేది కాదు. దొంగ దొరికాడో లేదో, పెళ్లి అయిందో లేదో, ఆ చివరి కాగితం ఊళ్లో ఎవరి పకోడీల కింద ఉందో ఏమో...

అందుకని మా ఇంట్లో ఓ పద్ధతి. తోకలేని పుస్తకానికి చదివినవాళ్లే నోటితో తోక పెట్టాలి. అక్క తోకల్లో అందరూ బతికేవారు. నా తోకల్లో ఎవడో ఒకడు బావిలో పడేవాడు. వీధిలో ఎవరు పుస్తకం పట్టుకెళ్లినా ఇదే షరతు... తిరిగిచ్చేటప్పుడు మా అరుగు మీద తోక చెప్పి మరీ వెళ్లాలి. చేపలమ్మే అప్పలమ్మ పిన్నికి చదువు రాదు. కూతురి చేత చదివించుకుని వచ్చి, నెత్తిన బుట్ట దింపకుండానే చెప్పేసేది.

అలాంటి రోజుల్లో ఎలమంచిలి నుంచి మా మావయ్య దిగాడు. అమ్మకి అన్నయ్య.

"గుంటల్ని గాలికొదిలేసేరు మీరు. సోమారం ఇద్దర్నీ అట్టుకెళ్లి మా ఊరి హాస్టల్లో పడేత్తాను" అన్నాడు.

అక్క ఎడమచెయ్యి వెనక్కి దాచేసుకుంది.

"ముందు సదివించి సూడన్నయ్యా. రాపోతే అట్టుకెల్లు" అంది అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి లేవకుండా.

మావయ్య గుట్టలోంచి ఓ పుస్తకం లాగి నా చేతిలో పెట్టాడు. వరదలో చిక్కుకున్న ఓ ముసలమ్మ కథ. ఇల్లూ వాకిలీ వదిలేసి, తన మేకని మాత్రం చంకన పెట్టుకుని పడవ ఎక్కుతుంది. నేను గడగడా చదివాను. మావయ్య మొదట గోడకి చేరబడి విన్నాడు. తర్వాత ముందుకి వంగాడు. పడవ ఒరిగింది, మేక జారింది... అక్కడితో కాగితాలు అయిపోయాయి.

నేను ఆగితేగా. వెనక అట్ట చూస్తూ అదే రాగంలో లాగించేశాను. మేక మునిగిపోయింది, ముసలమ్మ ఒడ్డెక్కి ఏడ్చింది, సమాప్తం.

మావయ్య మొహం మాడిపోయింది. "మేకని సంపేసేడేట్రా? రాసినోడికి సేతులెలా వచ్చేయి?"

"రాసినోడు కాదు మావయ్యా, ఈడే సంపేసేడు. అది ఈడు పెట్టిన తోక" అంది అక్క.

మావయ్య పుస్తకం లాక్కున్నాడు. చివర అట్టా, వేలాడే కుట్టుదారం తప్ప ఏమీ లేదు. అమ్మ గరిట ఆగిపోయింది. ఇంక సోమవారం ఖాయం అనుకున్నాను...

"లేని కాయితం సదివేసేవేట్రా, దొంగ గుంటడా?"

"మరి ఉన్నకాడికి తప్పు సదివేడేటన్నయ్యా?" అంది అమ్మ.

మావయ్య ఆ దారం వేలికి చుట్టుకుంటూ అక్క వైపు తిరిగాడు.

"నీ తోకలో మేక బతికిందేటమ్మా?"

"నేను సెప్పను. నువ్వే పెట్టు మావయ్యా" అంది అక్క.

"నాకేటొచ్చు..." అంటూనే మావయ్య పంచె పైకి దోపాడు. "అయినా మేక మునగదే. మా మేకొకటి శారద ఏట్లో పడిపోతే తల పైకెట్టి ఈదేసింది. ముసిల్దాని కొంగు పళ్లతో అట్టుకుని అదే ఒడ్డుకి లాగుద్ది, సూడు" అని మొదలుపెట్టాడు.

అక్క వెనక దాచుకున్న చెయ్యి ఎప్పుడు బయటికి తీసిందో తెలీదు. రెండు చేతులా చప్పట్లు కొట్టింది.

నాన్న మార్కెట్ నుంచి వచ్చేసరికి, పిల్లల్ని పట్టుకుపోవడానికి వచ్చిన పెద్దమనిషి చాప మీద బోర్లా పడుకుని ఈత కొడుతున్నాడు.

"ఏటి బావా, ఇంట్లోకి వరదొచ్చిందేటి?" అన్నాడు నాన్న.

మావయ్య సోమవారం ఊసెత్తలేదు. తోకలేని పుస్తకాలు రెండు సంచిలో పడేసుకుని బస్సెక్కాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా హాస్టల్ సంగతి తేల్చడానికే వచ్చేవాడు... తోకలు చెప్పి వెళ్లిపోయేవాడు.

నా చదువంటారా... ప్రైవేటుగా పదో తరగతి కట్టాను, లెక్కల దగ్గర నా పడవ ఒరిగింది. అక్క మాత్రం చీడికాడ ఊరి బళ్లో పిల్లలకి పాఠాలు చెబుతోంది. బోర్డు మీద ఎడమచేత్తో రాస్తుంది.

మావయ్య పోయి కొన్నేళ్లయింది. మొన్న మా అమ్మాయి ఆ మేక కథ ఫోన్లో మొత్తం దొరికిందని తెచ్చి, చివరి పేజీ తీయబోయింది. వద్దన్నాను.

"అదేంటి నాన్నా, మేక ఏమైందో తెలుసుకోవా?"

"తెలుసమ్మా" అన్నాను.

ఇప్పుడు పుస్తకాలన్నీ చివరిదాకా ఉంటున్నాయి... వినేవాళ్లే చివరిదాకా కూర్చోవడం లేదు.

మీ ఇంట్లో తోక తెగిన పుస్తకం ఏదైనా ఉంటే కింద చెప్పండి, అందరం తలో తోకా పెడదాం. మేకల జోలికి మాత్రం వెళ్లను... మావయ్య మీద ఒట్టు.