బోణీ వెంట పోయే రంగనాయకులు

మార్కాపురం బజారులో ఇనప దుకాణం రంగనాయకులుకు ఒకటే పిచ్చి. పొద్దున్నే బోణీ చేసినవాడి వెంట వాడి ఊరికి వెళ్ళిపోయేవాడు. "నా నుదుటి రాత ఈ చుట్టుపక్కల ఏదో ఊళ్ళో ఉందిరా. దేవుడు దారి చూపేది బోణీ బేరంతోనే," అనేవాడు. మార్కాపురం కర్నూలు జిల్లాను వదిలి కొత్త జిల్లాలో చేరిన రోజులవి. "ఊరే జిల్లా మారింది, నేను ఊరు మారితే తప్పా?" అని ఎదురు అడిగేవాడు.

యర్రగొండపాలెం రైతు బొక్కెన కొంటే యర్రగొండపాలెం. శ్రీశైలం పోయొచ్చే దోర్నాల భక్తుడు తాళంకప్ప కొంటే దోర్నాల. ఒకసారి పక్కింటి కనకమ్మ గుప్పెడు మేకులు కొంటే, ఆమె వెనకే వెళ్ళి సాయంత్రం దాకా వాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు.

"ఏంది నాయనా, ఏం కావాల?" అంది కనకమ్మ బిత్తరపోయి.

"అదే చూసుకుంటన్నా. నువ్వు పని చేసుకోమ్మా."

తమ్ముడు చంద్రశేఖరరావు సిగ్గుతో చచ్చిపోయేవాడు. వ్యాపారంలో అతను దిట్ట. అయినా పెద్దవాడుండగా చిన్నవాడు గల్లాపెట్టె ముందు కూర్చోకూడదని ఆ ఇంటి ఆనవాయితీ. అన్న ఉన్నంతసేపూ నిలబడి తాళ్ళు కొలవాల్సిందే. ఆ అన్నేమో కొనేవాడి కష్టం విని, వాడు అడక్కముందే ధర తగ్గించేవాడు. ఆయన బస్సెక్కాకే తమ్ముడు కూర్చునేది. కూర్చున్నాడో లేదో ఎవరో ఒకరు "మీ అన్న రాత దొరికిందా?" అని పలకరించేవారు. తల తీసుకెళ్ళి గల్లాపెట్టెలో పెట్టుకోవాలనిపించేది.

ఒకరోజు వర్తక సంఘం పెద్ద శ్రీరాములు నలుగురిలో అననే అన్నాడు: "మీ అన్నను ఆస్పత్రిలో చూపించరాదా? పిచ్చోళ్ళ దుకాణమని పేరు పడితే మీ గడప తొక్కేదెవరు?"

ఆ రోజు బోణీ పుల్లలచెరువులో కూలిపని చేసుకునే రూతమ్మది. అన్న ఆమె వెంట ఎప్పుడో వెళ్ళిపోయాడు. చంద్రశేఖరరావు పట్టపగలు దుకాణానికి తాళమేసి తరువాతి బస్సెక్కాడు. ఈ వేషాలు నేటితో సరి అనుకున్నాడు.

రూతమ్మ ఇంటి ముందు అన్న దర్జాగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"నీకు సిగ్గులేదా అన్నా? బజార్లో తలెత్తుకోలేకపోతన్నా!"

"అదట్లుండనీ. దుకాణంలో ఎవరుండారు?"

"తాళమేసి వచ్చినా."

రంగనాయకులు దిగ్గున లేచాడు. ఒళ్ళోని కాయలన్నీ నేలపాలయ్యాయి.

"మూసొచ్చినావా! నేనుంటే నువ్వు కూచోవు. నువ్వు కూచోకుంటే దుకాణం మునిగిపోతది. ఊరికే తప్పుకుంటినా, అన్నను తరిమినాడని నిన్నంటారు. అందుకని ఇన్నేండ్లు బస్సుల్లో నడుం ఇరగ్గొట్టుకుంటంటే, నువ్వు మూసొస్తావా?"

చంద్రశేఖరరావు ఇన్నాళ్ళూ అన్నను చూసి సిగ్గుపడ్డాడు. ఇప్పుడు తనను చూసుకుంటే అంతకు పదింతలు సిగ్గేసింది. అన్న ఎదుట నిలబడలేక చతికిలబడి, చెదిరిన కాయలు ఏరసాగాడు.

"మరి నీ రాత?" అన్నాడు చివరికి, తలెత్తకుండానే.

రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రాతా పాడా! ఊరంతా నవ్వి ఊరుకున్నారు," అన్నాడు రంగనాయకులు. "నమ్మింది నువ్వొక్కడివేరా!"