అంచున నేసిన పేర్లు

ఝంఖనా మా చాలీ పిల్లే, మిల్లు కూలీల ఈ వరస ఇళ్లలోనే పెరిగింది. అహ్మదాబాదులోనే బట్టల డిజైను చదువుతూ చివరి ఏడాదికి వచ్చింది. పరీక్షకు ఒక బట్ట సొంతంగా నేసి చూపించాలి. ఏం నేయాలో తోచక ఆ చలికాలమంతా ఊళ్లోని మ్యూజియాలు తిరిగింది. పటోలా పట్టుచీరల మీది పువ్వులూ ఏనుగులూ గీసుకొచ్చేది. గీసినవేవీ ఆమెకే నచ్చేవి కావు.

ఒక ప్రదర్శనలో మూతపడ్డ మిల్లుల ఫోటోలు పెట్టారు. ఒకదానిలో తెగిన నూలు అతుకుతూ వంగిన కుర్రవాడు అచ్చం తన తండ్రిలా ఉన్నాడు.

తండ్రి ధూళాభాయ్ పద్దెనిమిదేళ్లు మిల్లులో నూలు వడికాడు. అది మూతపడ్డాక కూరగాయల బండి పెట్టుకున్నాడు. మిల్లు మాట మళ్లీ ఎత్తలేదు.

"పప్పా, ఆదివారం నాతో రా. నీ ఫోటో ఉందక్కడ."

"నా మొహాన్ని ఫోటో ఎవడు తీశాడే? బండెవరు చూస్తారు?"

"నేనున్నాగా, పోయిరా భాయ్," అన్నాను పక్కింటి గుమ్మంలోంచి నేను. "తూకంలో నీకంటే నయమేలే."

అక్కడ జరిగింది తర్వాత ఝంఖనా చెప్పింది. ధూళాభాయ్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే కాపలాదారు, "వేసుకో కాకా, ఇదేం గుడి కాదు," అన్నాడట. ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది నేను కాదు. జీవా. నా పక్క మిషను వాడు." కింద ఏం రాసుందని అడిగాడు. 'మిల్లు కార్మికుడు' అని చదివింది.

"అంతేనా? వాడికి పేరు లేదా? ఛాతీ నిండా దూది పేరుకుని పోయాడే వాడు!"

పక్కన అద్దాల పెట్టెలో పాత ధోవతి ఉంది. అంచు పొడుగునా మిల్లు పేరు అచ్చేసి ఉంది. ఆయన అద్దం మీద వేలు పెట్టి ఆ పేరు పొడుగునా జరిపాడు.

ఆ సాయంత్రమే ఝంఖనా కాగితం తీసుకుని కూర్చుంది. ఆయన తన షిఫ్టువాళ్లలో చనిపోయినవాళ్ల పేర్లు నలభై మూడు చెప్పాడు. కొన్ని గుర్తు రావడానికి రెండు రోజులు పట్టింది. తెల్లటి బట్ట నేసి, రెండు అంచుల్లోనూ ఎర్ర నూలుతో ఆ పేర్లు ఎక్కించింది.

"నీ పేరు కూడా వేయనా పప్పా?"

"నేను బతికే ఉన్నాగా. నాకెందుకు?"

కాలేజీలో బట్ట ప్రదర్శించిన రోజున జీవా భార్య రేవాబెన్ వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఝంఖనా ఆమె వేలు పట్టుకుని పేరు మీద పెట్టింది. రేవాబెన్ దాన్ని తడిమి తడిమి చూసింది.

"ఇది నాకివ్వు బేటా. ఆయనదంటూ ఇంట్లో ఒక్క గుడ్డ కూడా మిగల్లేదు."

"కోస్తే బట్ట పాడవుతుంది. మ్యూజియం వాళ్లు అడుగుతున్నారు," అని టీచరు వారించింది.

మార్కులు వేసేదాకా ఆగి ఝంఖనా కత్తెర తీసుకుంది. మొదట జీవా పేరు కోసి రేవాబెన్ చేతిలో పెట్టింది. ఆ కబురు చాలీలన్నిటా పాకింది. వచ్చిన ప్రతి ఇంటికీ వాళ్ల పేరు కోసి ఇచ్చింది.

పద్నాలుగు పేర్లకు ఎవరూ రాలేదు. తండ్రీ కూతుళ్లు పాత మిల్లుల పేట గోమతీపూర్ గల్లీల్లో ఆ ఇళ్లు వెతుకుతున్నారు. నిన్న ఒకటి దొరికింది. తలుపుకు తాళం ఉందట.