గిన్నె తిరగేసే కొండమ్మ టీచరు

కొండమ్మ టీచరు ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించదు, గిన్నెల్ని పలకరిస్తుంది. చేతికందిన గిన్నెను తిరగేసి, అడుగు గోటితో గీకి, వేలితో కొట్టి చప్పుడు వింటుంది. అప్పుడు ఇల్లాలి వంక చూసి, "ఇది ఎక్కడ కొన్నారమ్మా?" అంటుంది. జవాబు నచ్చితేనే కుర్చీలో కూర్చుంటుంది. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషికి ఇదేం తెగులని చీరాలంతా నవ్వుకుంటుంది. నవ్వలేనివాడు ఒక్కడే, ఆవిడ మొగుడు బాలస్వామి.

బాలస్వామి ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ గుంటూరు బస్టాండులోనో, చిలకలూరిపేట హైవే పక్కనో దొరికింది తిని కడుపు నింపుకున్నాడు. రిటైరయ్యాక విందుల్లో తీరిగ్గా కూర్చుని, వేడివేడి అన్నంలో పులుసు పోసుకుని జుర్రుకోవాలని అతని కోరిక. మనిషన్నవాడికి ఇంతకన్నా చిన్న కోరిక ఉంటుందా? ఆ చిన్నదే తీరలేదు.

పేటలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళారు. ఆకులో అన్నం పడింది. పులుసు బకెట్టు ఘుమఘుమలాడుతూ వచ్చింది. బాలస్వామి అన్నం మధ్యలో గుంట చేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఆగు బాబూ," అంది పక్క కుర్చీలోంచి కొండమ్మ. "ఇది ఏ గిన్నెలో కాగింది?"

"పెద్ద డేగిసాలోనండి."

"సత్తుదా, స్టీలుదా?"

"సత్తుదేనండి."

"కంపెనీదా, పాత సామాను కరిగించి పోసిందా?"

వడ్డించే అతను బకెట్టుతో సహా పక్క వరసలోకి మాయమయ్యాడు. బాలస్వామి గుంట పూడ్చుకుని పెరుగన్నం తిన్నాడు.

"పులుపు తగిలితే ఆ సత్తు, అదే అల్యూమినియం, పులుసులోకి ఊరుతుందండీ," అంది కొండమ్మ దారిలో. "కరిగించినప్పుడు అందులో పాత బ్యాటరీ ముక్కే పడిందో, ఇంకేం పడిందో ఎవడు చూశాడు?"

"పెళ్ళివారికి పట్టలేదు, వంటవాడికి పట్టలేదు. నీకొక్కదానికే పట్టాలా?"

"తెలిసీ నోరు మూసుకోమంటారా?"

అదీ ఆవిడ వరస. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, కాకపోతే ఆ కోపానికి ఒక సిలబస్ ఉంది. ఇనుము ఒంటికి కావాలి. జింకు కావాలి. రాగి కూడా చిటికెడు కావాలి, మితిమీరితే ముప్పు. ఇక సీసం దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు క్లాసురూములోకి వెళ్ళిపోతుంది. "దానికి ఒంట్లో ఏ పనీ లేదు. కాల్షియం వేషం కట్టుకుని ఎముకల్లో దూరి కాపురం పెడుతుంది. పిల్లల రక్తం తాగుతుంది, బుర్ర తింటుంది. దొంగని ఇంట్లో పెట్టుకుని పిల్లకి దిష్టి తగిలిందంటారేమిటి ఈ జనం?"

పక్కింటి మాధురి రాగి సీసాలో నీళ్ళు తాగితే ఆరోగ్యమని ఫోనులో చూసి ఒకటి కొంది. అంతటితో ఆగితే బాగుండేది. రుచికోసం అందులో నిమ్మకాయ పిండుకుని, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే తాగి వాంతులు చేసుకుంటోంది. ఒంట్లో చెడంతా బయటికి పోతోందని మురిసిపోతోంది కూడా. కొండమ్మ ఆ సీసా లాక్కుని లోపలికి టార్చి వేసి చూపించింది.

"ఈ పచ్చటిది ఏంటమ్మాయ్?"

"ఏంటి టీచరుగారూ?"

"చిలుము. నీకు బయటికి పోతున్నది చెడు కాదు, పొద్దుటి టిఫిను."

చర్చిలో జరిగింది మాత్రం బాలస్వామి ఈ జన్మకి మర్చిపోడు. అతను సంఘపెద్ద. ప్రభు సంస్కారం రోజున అందరూ తలలు వంచుకుని ఉన్నారు. పాస్టరు శ్యామ్ సుందర్ గారు ద్రాక్షరసం పాత్ర కొండమ్మకి అందించారు. ఆవిడ తాగకుండా లోపలికి తొంగిచూసింది.

"అయ్యగారూ, లోపల పూత లేచిపోయిందండీ. రసం పుల్లనిది."

"అమ్మా, ప్రార్థనలో ఉన్నాం," అన్నారు ఆయన మెల్లగా.

"నేనూ ప్రార్థనలోనే చూశానండీ."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. బాలస్వామికి నేల చీలితే బాగుండుననిపించింది. వచ్చే నెలకి చర్చిలో తళతళలాడే స్టీలు పాత్ర ప్రత్యక్షమైంది. కమిటీ కొని ఉంటుందని అతను అనుకున్నాడు.

పరువు సంగతి సరే, ఇంట్లో ఇంకో వింత మొదలైంది. గిన్నెలు తగ్గిపోతున్నాయి. మొదట చారు గిన్నె పోయింది, తర్వాత కూరగిన్నెలు, తర్వాత పళ్ళేలు. చివరికి రిటైరైన రోజున డిపోవాళ్ళు దండ వేసి ఇచ్చిన స్టీలు సామాను సెట్టు కూడా ఒక్కొక్కటిగా కరిగిపోయింది. ప్రతిదాని అడుగునా 'ఎం. బాలస్వామి, కండక్టరు' అని ముచ్చటగా చెక్కించి ఇచ్చారు. అంత కాలం సర్వీసుకి అతనికి మిగిలిన గుర్తు అదే.

"నా గ్లాసులేవీ కొండమ్మా?"

"కుళాయి దగ్గర పెట్టాను. ఎవరో ఎత్తుకుపోయుంటారు."

"అన్నీనా?"

"ఊళ్ళో దొంగలు ఎక్కువయ్యారండీ."

ఊరందరి గిన్నెల జాతకాలు చెప్పే మనిషికి సొంతింటి గిన్నెలు ఏమయ్యాయో తెలియకపోవడమేమిటని అతనికి ఒళ్ళు మండేది. ఆ మంటలోనే కాఫీని సాంబారు గిన్నెలో పోసుకుని తాగేవాడు.

ఈ గిన్నెల దొంగతనం ఇంకా మొదట్లో ఉండగానే వాడరేవు నుంచి పిలుపొచ్చింది. కొండమ్మ దగ్గర చదువుకున్న వీరాంజనేయులు కొత్త పడవ దించుతున్నాడు. సముద్రం ఒడ్డున భోజనాలు. ఆటోలో వెళుతూ బాలస్వామి ముందే చెప్పాడు, "ఇవాళ నన్ను తిననివ్వకపోతే ఆ పడవెక్కి పోతాను."

కొండమ్మ తిన్నగా పొయ్యి దగ్గరికే వెళ్ళింది. పెద్ద మూకుడులో చేపల పులుసు కుతకుతలాడుతోంది. తిరగేయడానికి వీల్లేదు కాబట్టి వంగి అడుగు చూసింది, గరిటెతో అంచు మీద కొట్టింది. ఖంగుమంది. ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఇనుమండీ. రక్తానికి మంచిది. తినండి."

బాలస్వామి తన చెవుల్ని తాను నమ్మలేదు. వీరాంజనేయులు తల్లి గురవమ్మ గరిటెడు పులుసు పోసింది. అతను కలిపి ముద్ద చేసి నోటిదాకా తెచ్చాడు.

ఆ పక్కనే వల ముందేసుకుని వీరాంజనేయులు కూతురు అఖిల కూర్చుంది. పిల్ల పాలిపోయి ఉంది. నోట్లోంచి బూడిదరంగు గుండు తీసి వలతాడుకి తగిలించి, పళ్ళతో నొక్కి బిగించి, ఇంకోటి నోట్లో వేసుకుంది.

"అదేంటే?" అంది కొండమ్మ.

"సీసం గుండు. వల మునగాలిగా."

"ఎవరు చేస్తారు?"

"నాయనమ్మ. పాత బ్యాటరీ సీసం ఆ మూకుట్లో కరిగించి పోస్తది."

"ఏ మూకుడు?"

పిల్ల పులుసు మూకుడు వైపు చెయ్యి చూపించింది.

కొండమ్మ ఒక్క అంగలో వచ్చి మొగుడి చేతిలో ముద్ద ఊడలాక్కుని ఇసకలో పారేసింది. పంక్తి మొత్తం చేతులాగిపోయాయి.

"ఏందమ్మా ఇది?" గురవమ్మ లేచింది. "బూడిదేసి అద్దంలాగా తోమినాను. కడుక్కోకుండా పెట్టామా మీకు?"

"తోమితే మసి పోతుంది గురవమ్మా, సీసం పోదు. పిల్లకి కడుపునొప్పి వస్తోందా?"

"దిష్టి. మిరపకాయలు దిగదీస్తన్నా."

"చదువు?"

"మొద్దయిపోయింది టీచరుగారూ," అన్నాడు వీరాంజనేయులు తలవంచుకుని. "రెండో తరగతి దాకా చురుగ్గానే ఉండేది. ఇప్పుడు చెప్పింది చెప్పినట్టే మర్చిపోతంది. ఈ ఏడుతో మానిపించి చేపలెండేసే పనిలో పెడదామని."

ఇక కొండమ్మని ఆపగలిగినవాడు ఆ ఒడ్డున లేడు. "ఏరా, సీసం పాఠం చెప్పిన రోజు నువ్వెక్కడున్నావు?"

"వేటకి పోయానండి."

"నువ్వు వేటకి పోయావు, దాని బుర్ర ఆ మూకుట్లో పోయింది. నోట్లో సీసం పెట్టింది మీరు, కూట్లో సీసం పెట్టింది మీరు, మొద్దన్న పేరు మాత్రం దానికా? పాత బ్యాటరీ అమ్మినవాడికి సిగ్గులేదు, కొన్నవాడికి బుద్ధిలేదు. పద, గుంటూరు పద, రక్తం చూపిద్దాం."

"మా అత్తగారు కూడా పళ్ళతోనే బిగించింది. మా తిండి విషమంటే పడవ దించిన రోజు అపశకునం," అంటూ గురవమ్మ ఏడుపు లంకించుకుంది. పంక్తి సగం లేచిపోయింది. వాడరేవులో మళ్ళీ మొహం చూపించలేననుకున్నాడు బాలస్వామి. ఖాళీ కడుపుతోనే ఆటో ఎక్కాడు.

వీరాంజనేయులు మాత్రం మర్నాడే పిల్లని తీసుకుని వచ్చాడు. టీచరు మాట కొట్టేయడం వాడికి చేతకాలేదు. కొండమ్మ వెంట ఉండి గుంటూరు తీసుకెళ్ళింది. రక్తం పరీక్షకి హైదరాబాదు పంపారు. కాగితం డాక్టరు చేతికొచ్చింది. ఒంట్లో అసలు ఉండకూడనిది ఆ పిల్ల రక్తంలో దండిగా ఉంది. రక్తహీనత దానికి తోడు. గుండ్లు, మూకుడు ఆపాలన్నాడు, మందులిచ్చాడు, ఇనుము, కాల్షియం బాగా అందాలన్నాడు. పోయిన చురుకు ఎంత తిరిగొస్తుందో చెప్పలేనన్నాడు.

ఆ మాట విన్న రోజు కొండమ్మ ఎవరినీ తిట్టలేదు. అన్నం కూడా తినలేదు. బాలస్వామికి తిట్లే నయమనిపించింది.

అప్పట్నించి ఆవిడ వారం వారం వాడరేవు బస్సెక్కేది. వెళ్ళేటప్పుడు సంచి బరువుగా, వచ్చేటప్పుడు తేలిగ్గా ఉండేది. మునగాకు, రాగులు అని చెప్పేది. మునగాకు గలగలమని చప్పుడు చేస్తుందా అని బాలస్వామి అడగలేదు. అడిగితే పాఠం చెబుతుందని భయం.

ఎండాకాలంలో ఒకరోజు ఆవిడకి మోకాలు పట్టేసి అఖిల మందుల సంచి అతనికి అప్పగించింది. వాడరేవులో దిగేసరికి నోరెండిపోయింది. మొదటి ఇంటి ముందు నిలబడి మంచినీళ్ళడిగాడు. ఆ ఇల్లాలు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి, స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగాక, పెళ్ళాం మీద ఉక్రోషంతోనే, ఆవిడ చేసినట్టే గ్లాసు తిరగేసి చూశాడు.

'ఎం. బాలస్వామి, కండక్టరు.'

"ఇది మీకెక్కడిదమ్మా?" అన్నాడు దొంగ దొరికినట్టు.

"గిన్నెల టీచరుగారిచ్చిందండి. మా సత్తు గిన్నెలన్నీ పట్టుకుపోయి ఇవి పెట్టింది. ఎవరికీ చెప్పొద్దంది."

లోపల కూరగిన్నె అతనిదే. పక్కింట్లో పళ్ళేలు అతనివే. ఎదురింట్లో చారు గిన్నె మీద మూత కూడా అతనిదే. ఆవిడ ఎవరింట్లో గిన్నె తిరగేసి పరువు తీసిందో వాళ్ళింటికి మర్నాడు ఒక గిన్నె నడిచి వెళ్ళిందన్నమాట. చర్చి పాత్ర సంగతి కూడా అప్పుడు అర్థమైంది.

"మీరేనా బాలస్వామిగారు?" అంది ఎదురింటామె నవ్వుతూ. "రోజూ మీ పేరు తోముతున్నాం. మనిషిని ఇవాళ చూశాం."

గురవమ్మ వాకిట్లో మూకుడు మారింది. అది బాలస్వామి పెళ్ళికి అత్తగారు పెట్టిన ఇనప మూకుడు. అతను గుర్తుపట్టి కూడా ఊరుకున్నాడు. పిల్లలు గుండ్లు పటకారుతో నొక్కుతున్నారు, పళ్ళతో కాదు. అఖిల బుగ్గల్లో కాస్త రంగొచ్చింది. పుస్తకం పక్కన పెట్టి పులుసన్నం కంచం తెచ్చింది. అతను ముద్ద కలపబోయాడు.

"ఆగు తాతా," అంది పిల్ల. లోపలికి పరిగెత్తి ఖాళీ పులుసు గిన్నె తెచ్చి తిరగేసి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. "ఎం. బా... ల... స్వామి. ఇది మంచిదే. తిను."

రిటైరయ్యాక అతను కడుపునిండా పులుసన్నం తిన్నది అదే మొదలు. గురవమ్మ మారు వడ్డించింది.

తర్వాతి వారం పొద్దున్నే కొండమ్మ వంటింట్లో వెతుకుతోంది. "ఏవండీ, కాఫీ గిన్నె కనిపించడం లేదు. ఉన్నదదొక్కటే కదా."

బాలస్వామి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అఖిల వాళ్ళ వెనక వీధిలో ఇంకా సత్తు గిన్నెలో పాలు కాస్తున్నారు.

"కుళాయి దగ్గర పెట్టాను," అన్నాడు. "ఎవరో ఎత్తుకుపోయుంటారు."