మరిగే నీళ్ళ మటన్ పై

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా తోటికోడలి కోడలు కాకినాడలో కొత్తగా పెట్టిన బేకరీకి తీసుకెళ్ళి, ఇంగ్లీషువాళ్ళ మటన్ పై అంటూ ఒకటి నా ముందు పెట్టించింది. ముట్టుకుంటే పొరలు రాలిపోయే మామూలు పఫ్ అది! దేవుడిచ్చిన తిండికి వంక పెట్టకూడదని ప్రార్థన చేసుకునే తిన్నాను గానీ, ఒళ్ళు మండిపోయింది.

సౌదీలోని దమ్మామ్‌లో ఏళ్ళ తరబడి అసలైన పై చేసిన చేతులివి. మావారు డ్రైవరుగా ఉన్న కంపెనీ క్యాంపు మెస్సులోనే నాకూ వంటపని దొరికింది. అక్కడ ఉండనిచ్చే పర్మిట్ కార్డు, ఇకామాలో మాత్రం క్లీనర్ అని రాశారు. అక్కడి ఇంగ్లీషు ఇంజినీరుగారి భార్య లోపలి మాంసం ఎలా వండాలో ఓపిగ్గా చూపించి, పిండి మాత్రం చన్నీళ్ళతో కలపమని చెప్పి వెళితే, బడి ఎరగక అక్షరమైనా వంటైనా అమ్మ దగ్గరే నేర్చుకున్న నేను, చెక్కలకు చేసినట్టు మరిగే నీళ్ళలో కొవ్వు కరిగించి మైదాలో పోసేశాను. మేనేజరు తిట్టిపోశాడు. ఇంజినీరుగారు మాత్రం ఒక ముక్క తిని, చిన్నప్పుడు తమ మామ్మ కూడా అచ్చం ఇలాగే మరిగే నీళ్ళతో చేసేదని చెప్పి ఇంకో ముక్క అడిగారు. గిన్నె ఆసరా లేకుండా నిలబడే గోడలు, కొరికితే మిరియాల ఘాటుతో ఊరే రసం, మర్నాడు చల్లగా తిన్నా తగ్గని రుచి. తరతరాలుగా వాళ్ళు దాన్ని వదలకపోవడంలో వింతేముంది! క్యాంపులో పనిచేసే జగిత్యాల తమ్ముళ్ళు కూడా వరసకట్టి, "సర్వపిండిల మటన్ దాచినవా అక్కా?" అని ఆటపట్టించేవారు.

అంతలో, సౌదీలకు ఇన్ని ఉద్యోగాలు ఇచ్చితీరాలన్న నితాఖత్ వచ్చింది. మా మెస్సు వంటమనిషిగా కాగితాల మీద ఒక సౌదీ పేరు చేరింది. ఆ మనిషి ముఖం మేమెవరం ఏనాడూ చూడలేదు. తనిఖీవాళ్ళు వచ్చిన మధ్యాహ్నం మేనేజరు నా చేతిలో చీపురు పెట్టి, "వంట రాదని చెప్పమ్మా, లేదంటే మీ ఆయన్నీ నిన్నూ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు," అన్నాడు. తనిఖీ అధికారి మటన్ పై ఒక ముక్క తిని, నా మోచేతికంటిన మైదా చూశాడో ఏమో, నువ్వే చేశావా అని సైగ చేశాడు. అబద్ధమంటే హడలే నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడాయన మేనేజరు వైపు తిరిగి, వండిన మనిషికి అరబ్బులు చెప్పే దీవెన, నీ చేతులు చల్లగా ఉండాలని, నోరారా చెప్పాడు. ఉల్లిపాయ తరగడమైనా రాని ఆ మహానుభావుడు గుండెమీద చెయ్యి వేసుకుని మరీ దాన్ని పుచ్చుకున్నాడు!

ఇప్పుడక్కడ సౌదీ ఆడపిల్లలే తమ పేరున్న బిళ్ళ పెట్టుకుని హోటళ్ళలో వండుతున్నారట. సంతోషం, వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి. ఆ దేశం మాకు అన్నం పెట్టింది, అందుకు దేవునికి వందనాలు చెప్పని పూట లేదు. కానీ వందనాలకు అలవాటుపడ్డ నోటికి, అది నా చేతివంట అనే మాట రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. తీరా చెబుదామంటే, నితాఖత్ వెనకాలే పైదేశాల పనివాళ్ళ మీద పడ్డ లెవీ పన్నులకు అందరూ తలో దారి పట్టారు. ఆ మెస్సు బల్ల చుట్టూ కూర్చుని తిన్నవాళ్ళలో ఒక్కరూ అక్కడ లేరు.